సెలవులకు ముందే ఆ కాగితం ఇప్పించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. కర్నూలు జిల్లా ఆదోని డివిజన్‌లోని ఒక పల్లె నుంచి రాస్తున్నాను. మా ఊరి సర్కారు బడిలో నా పిల్లలిద్దరూ చదువుతున్నారు. నేను ఆ బడి యాజమాన్య కమిటీలో సభ్యురాలిని. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12 దాకా బడికి తాళం పడుతుంది. ఆ ఏడు వారాలూ తల్లిదండ్రులకు బడి నుంచి ఒక్క కబురూ రాదు. పిల్లల్ని ఏ బడిలో వేయాలన్నది ఇళ్లలో తేలిపోయేది మాత్రం సరిగ్గా ఆ రోజుల్లోనే. ఈ లేఖ దాని గురించే.

మా పడమటి మండలాల సంగతి మీకు తెలియనిది కాదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు పల్లెల్లో దీపావళి దాటితే చాలా ఇళ్లకు తాళాలే. జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి. అవ్వాతాతలున్న ఇళ్లలో పిల్లలు ఆగుతారు, లేని ఇళ్లలో పిల్లలు కూడా మూటలతో పాటు బండెక్కుతారు. ఉగాదికి అటూ ఇటూగా అందరూ తిరిగొస్తారు. ఏడాది మొత్తంలో వాళ్ల చేతిలో నాలుగు డబ్బులు కనపడేది అప్పుడే. అప్పులు తీర్చగా మిగిలినదాంట్లో ఇంటి రిపేరు, పెళ్లి, పిల్లల చదువు, అన్నీ ఆ నెలన్నర రోజుల్లోనే తేలాలి.

ఈ లెక్క ప్రైవేటు బడులవాళ్లకు బాగా తెలుసు. మార్చి నుంచే వాళ్ల టీచర్లు ఎండలో ఇంటింటికీ తిరుగుతారు. రంగుల కాగితం ఒకటి చేతిలో పెడతారు. బడి ఎప్పుడు తెరుస్తారో, వ్యాను ఏ వీధికి ఎన్ని గంటలకు వస్తుందో, ఫీజు ఎన్ని విడతలుగా కట్టొచ్చో, ఏ తేదీలోపు చేరితే ఎంత తగ్గిస్తారో అందులో ఉంటుంది. కింద ఫోన్ నంబరు. ఆ నంబరుకి చేస్తే ఎవరో ఒకరు ఎత్తుతారు, పేరు పెట్టి పలకరిస్తారు. మా వీధిలో ముగ్గురు పిల్లల తల్లి ఒకామె ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, "అక్కా, మన బడిది ఇట్లాంటిది ఉంటే చూపీ" అంది. నా దగ్గర చూపించడానికేమీ లేదు. చిన్నవాడిని ఆమె ప్రైవేటులో చేర్పించింది. ఆమెను నేనేమీ అనలేను. తెలిసినదాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకుంది.

నాకు బాధ ఎక్కడంటే, చెప్పుకోవడానికి ఏమీ లేకపోతే అది వేరే సంగతి. మన దగ్గర చాలా ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్‌లో పాఠ్యపుస్తకాలు, నోటు పుస్తకాలు, బ్యాగు, బెల్టు, బూట్లు, మూడు జతల యూనిఫాం గుడ్డ ఉచితంగా వస్తున్నాయి. 2025 జూన్ నుంచి మధ్యాహ్న భోజనంలో సన్నబియ్యం పెడుతున్నారు. గుడ్డు, రాగిజావ, చిక్కీ ఉన్నాయి. మా బడిలో సార్లు బీఈడీ చేసి, డీఎస్సీ రాసి, పోటీలో గెలిచి వచ్చినవాళ్లు. ఇదంతా తెలుగులో ఒక పేజీ మీద అచ్చువేసి ఏప్రిల్‌లో ఇంటికి పంపితే ఆ రంగుల కాగితం పక్కన పెట్టి చూసుకునే అవకాశం తల్లికి ఉంటుంది. మాకు ఇవన్నీ తెలిసేది జూన్‌లో బడి తెరిచాక, కిట్ చేతికొచ్చాక. అప్పటికి వెళ్లేవాళ్లు వెళ్లిపోయి ఉంటారు.

డబ్బు విషయం కూడా అంతే. పిల్లల్ని బడికి పంపే తల్లులకు సర్కారు డబ్బిచ్చే తల్లికి వందనం పథకం కింద 2025 జూన్‌లో ఒక్కో బిడ్డకు 15,000 రూపాయల్లో 2,000 బడి నిర్వహణకు ఉంచి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ ఇచ్చారు, అది నిజంగా పెద్ద మేలు. కానీ బ్యాంకు ఖాతా ఆధార్‌కి లింకు కాలేదనో, సచివాలయం లెక్కల్లో కుటుంబం వివరాలు తప్పుగా ఉన్నాయనో పేరు ఆగిపోయిన తల్లులకు ఆ సంగతి తెలిసింది జాబితా వచ్చాకే. జూన్ అంటే మాకు తొలకరి. విత్తనం పనులు వదిలి బ్యాంకు దగ్గర, సచివాలయం దగ్గర లైన్లలో నిలబడాలి. మే నెలలో అయితే చేతిలో పనుండదు, బ్యాంకుకు పోవడానికి తీరిక ఉంటుంది. ఫలానా కాగితాలు సరిచూసుకోండమ్మా అని ఏప్రిల్‌లోనే చెబితే సగం మంది జూన్ నాటికి ఈ టెన్షన్ లేకుండా ఉంటారు. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకు డబ్బు విడిగా తర్వాత పడుతుందని కూడా ఎవరూ ముందు చెప్పలేదు. పక్కింటామెకు పడి తనకు పడకపోయేసరికి, బడివాళ్లే తన పేరు కొట్టేశారని ఒక తల్లి గేటు దగ్గర ఏడ్చింది.

పదో తరగతి పిల్లల సంగతి ఇంకా కష్టం. 2025లో ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. ఆ మర్నాటి నుంచే వేసవి సెలవులు. తప్పినవాళ్లు సప్లిమెంటరీకి ఫీజు కట్టడానికి నెలాఖరు దాకే గడువు, ఆ తర్వాత అపరాధ రుసుం. పరీక్షలేమో మే 19న మొదలు. లెక్కల్లోనో సైన్సులోనో తప్పిన పిల్ల వచ్చేసరికి బడికి తాళం. ఫీజు ఎవరికి కట్టాలి, రీకౌంటింగ్‌కి ఎట్లా పెట్టాలి, మళ్లీ చదువుకోవడానికి ఎవరు సాయం చేస్తారు, ఇవేవీ ఆ పిల్లకు తెలియవు. ఫలితం వాట్సాప్‌లో వచ్చేస్తోంది, సర్కారు వాట్సాప్ సేవ మన మిత్ర పుణ్యమా అని నిమిషాల్లో చూసుకుంటున్నారు. ఆ తర్వాత అడుగు ఏమిటో చెప్పే మనిషి కావాలి. మా వైపు ఆడపిల్ల పదిలో తప్పిందంటే ఇంట్లో మరుక్షణం పెళ్లి మాట వస్తుంది. ఆ వారం రోజులు బడి తలుపు తెరిచి ఒక టీచరు కూర్చుంటే ఆపగలిగినవి ఎన్నో ఉన్నాయి. అట్లా తమంతట తామే వచ్చి కూర్చున్న సార్లు, మేడమ్‌లు మా మండలంలో ఉన్నారు. సెలవుల్లో వాళ్లు సొంత డబ్బుతో బస్సెక్కి వచ్చారు. అది వాళ్ల మంచితనం మీద వదిలేయాల్సిన పని కాదు.

ఇక తరగతుల మార్పులు. 2022లో 117 నంబరు ప్రభుత్వ ఉత్తర్వు (జీవో)తో చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులు హైస్కూళ్లకు వెళ్లాయి. 2025లో ఆ జీవో తీసేసి, బడులను తొమ్మిది రకాలుగా విడదీసి, మోడల్ ప్రైమరీ స్కూళ్లు తెచ్చారు. తరగతికో టీచరు ఉండాలన్న ఉద్దేశం మంచిదేనని నా నమ్మకం. అయితే ఆ మార్పులు, టీచర్ల బదిలీలు అన్నీ వేసవిలోనే జరిగాయి. మా పిల్లాడు వచ్చే ఏడు ఏ బడికి పోవాలి, రోడ్డు దాటాలా, వాగు దాటాలా, పాఠం చెప్పేదెవరు అన్నది జూన్ 12 పొద్దున గేటు ముందు నిలబడి తెలుసుకోవాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ల బిడ్డను ఎక్కడికి పంపుతున్నారో తల్లికి ముందే తెలియాలి కదా సార్.

సమాచారం అసలు లేదని నేను అనడం లేదు. డీఈవో ఆఫీసు నుంచి ఎంఈవోకి, ఎంఈవో నుంచి హెడ్మాస్టర్‌కి ఫోన్లలో రోజూ వస్తూనే ఉంటుంది. వచ్చేది ఇంగ్లీషు సర్క్యులర్, పీడీఎఫ్. అది హెడ్మాస్టర్ గారి ఫోన్ దగ్గరే ఆగిపోతుంది. తల్లుల వాట్సాప్ గ్రూపు ఉంది గానీ, మా వీధిలో చాలా ఇళ్లకు ఒకటే ఫోన్, అది మగవాళ్ల జేబులో పనికి పోతుంది. బిడ్డ చేతికిచ్చిన కాగితమైతే ఇంటికి చేరుతుంది. తల్లికి చదువు రాకపోతే బిడ్డే చదివి వినిపిస్తుంది. మా సరిహద్దు ఊళ్లలో కన్నడ మీడియం బడులున్నాయి, ఆదోనిలో ఉర్దూ మీడియం ఉంది. వాళ్లకు వాళ్ల భాషలో ఇవ్వాలి. కాగితం అందనివాళ్ల కోసం సాయంత్రం గుడి మైకులో, మసీదు మైకులో చెప్పిస్తే ఊరంతా వింటుంది. పెద్ద ఖర్చేమీ కాదు.

తల్లిదండ్రుల మెగా సమావేశాలు మీ ప్రభుత్వం 2024 డిసెంబరు 7న ఒకసారి, 2025 జూలై 10న ఇంకోసారి రాష్ట్రమంతా ఒకే రోజున పెట్టింది. నేను వెళ్లాను. బడి గేటు లోపలికి ఎప్పుడూ రాని తండ్రులు కూడా ఆ రోజు వచ్చి బెంచీల మీద కూర్చున్నారు, సార్లతో మాట్లాడారు. అట్లాంటి రోజు ఏప్రిల్‌లో, సెలవులిచ్చే ముందు ఒకటి కావాలి. డిసెంబరులో మా ఊరివాళ్లు గుంటూరులో ఉంటారు. జూలైకి చేరికలు అయిపోతాయి. ఏప్రిల్ మొదటి వారాల్లో అయితే సుగ్గి నుంచి వచ్చి అందరూ ఇంట్లో ఉంటారు, నిర్ణయమింకా చేతిలోనే ఉంటుంది. ఆ సమావేశంలోనే పిల్లల కొలతలు తీసుకుని గుడ్డ కూడా ఇచ్చేస్తే ఇంకా మేలు. జూన్‌లో ఇస్తే ఊళ్లో ఉన్న ఒక్క టైలర్ దగ్గర గుట్టలు పడతాయి, పంద్రాగస్టుకి కూడా కొందరి జత పూర్తి కాదు.

కాబట్టి నేను కోరేది ఇది. చివరి పనిదినాన ప్రతి బిడ్డ చేతికీ తెలుగులో ఒక పేజీ ఇప్పించండి. బడి తెరిచే తేదీ, మా బిడ్డ చదవబోయే తరగతి ఏ బడిలో ఉంటుంది, కిట్‌లో ఏమేమి వస్తాయి, తల్లికి వందనానికి ఏం సరిచూసుకోవాలి, సెలవుల్లో ఎవరికి ఫోన్ చేయాలి. బదిలీల వల్ల ఏదైనా మారితే జూన్ మొదటి వారంలో సచివాలయం బోర్డు మీద రెండో కాగితం అంటించండి. సెలవుల్లో వారానికి ఒక పూట బడి తెరిచి ఉంచి, వచ్చే టీచరుకు ఆ రోజును డ్యూటీగా లెక్కకట్టండి. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం మాత్రం రోజూ తెరవండి.

రాష్ట్రమంతా ఒకేసారి కష్టమనుకుంటే సుగ్గికి పోయే మా మండలాల్లోనే ముందు పెట్టి చూడండి. ఆ పేజీలో ఏముండాలో, ఏ మాట మాకు అర్థమవుతుందో చెప్పడానికి మా కమిటీ తల్లులం సిద్ధంగా ఉన్నాం. ఉగాదికల్లా మీ శాఖ నుంచి హెడ్మాస్టర్లకు ఆ ఉత్తర్వు అందేలా చూడమని ప్రార్థన.

ఇట్లు,
ఒక తల్లి,
పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలు,
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా