పిడుదుల మందు అమ్మేముందు రెండు ప్రశ్నలు

సంపాదకులకు,

అయ్యా,

వానలు మొదలయ్యాయంటే విశాఖలో కుక్కల్ని పెంచేవారి మొదటి ఫిర్యాదు పిడుదులే. వెచ్చదనం, తేమ ఏడాది పొడవునా దొరికే ఊరు కాబట్టి వీటికి సెలవు నెలంటూ లేదు. మందుల షాపుల్లో సరుకుకు కొదవ లేదు, కొనేవాళ్లకూ కొదవ లేదు. అయినా పిడుదులు పోవు. మందు పనిచేయక కాదు, మందును కుక్కకు మాత్రమే వేసి ఇంటిని వదిలేయడం వల్ల. ఇంతకంటే ప్రమాదం, మిగిలిన నాలుగు చుక్కలు ఇంట్లో పిల్లికి వేయడం. పశువైద్యంలో ఉన్నవాళ్లం కనుక ఈ రెండు విషయాలూ మీ పాఠకులకు చెప్పాలనిపించింది.

మన ఇళ్లలో కనిపించే గోధుమరంగు పిడుదు జీవితంలో మూడుసార్లు రక్తం తాగుతుంది. ఆరుకాళ్ల పిల్లగా ఒకసారి, ఎనిమిది కాళ్లు వచ్చాక ఒకసారి, పెద్దదయ్యాక మరోసారి. తాగిన ప్రతిసారీ కిందికి రాలి, ఏ పగులులోనో దాక్కుని కుబుసం విడుస్తుంది. ఆడ పిడుదు గుడ్లు పెట్టేదీ అక్కడే, వేలల్లో పెడుతుంది. దీనికి పైకెక్కే అలవాటు ఎక్కువ. కాబట్టి నేల తుడిచి ఊరుకుంటే లాభం లేదు. టార్చిలైటు వేసి కిటికీ చట్రాల వెనక, స్విచ్‌బోర్డుల అంచుల్లో, కర్టెన్ల మడతల్లో, కుక్క పడుకునే మూలలో గోడ పగుళ్లలో చూడండి. అపార్టుమెంట్లలో సెల్లారు నుంచి మెట్ల మీదుగా వచ్చేవీ ఉంటాయి. అందుకే ఒక్క ఫ్లాటువాళ్లు మందు కొట్టించుకుంటే చాలదు.

ఇంటికి చేయాల్సింది ఇదీ. కుక్క పక్కబట్టలు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. పగుళ్లు వైట్ సిమెంటుతో పూడ్చాలి. పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిస్తే, తడి పూర్తిగా ఆరేవరకు కుక్కనీ పిల్లినీ బయట ఉంచాలి. చేపల తొట్టి ఉంటే వేరే గదికి మార్చడం మేలు, ఆ మందులు చేపలకు విషం. మొదటి స్ప్రేకి గుడ్లు చావవు. అవి పొదిగే వ్యవధి చూసుకుని రెండు మూడు వారాలకు మరోసారి కొట్టించాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ రెండోసారే.

ఇక కుక్కకి. మెడ వెనక వేసే ఫిప్రోనిల్ చుక్కల్లో కొలతంతా బరువును బట్టే. 10 కిలోల లోపు కుక్కకు 0.67 మిల్లీలీటర్లు, 20 వరకు 1.34, 40 వరకు 2.68. బరువు తెలియకపోతే కుక్కని ఎత్తుకుని త్రాసు ఎక్కి, అందులోంచి మీ బరువు తీసేయండి. పెద్ద ట్యూబు కొని రెండు కుక్కలకు పంచితే ఎవరికీ సరిపోదు. వెంట్రుకలు పాయ తీసి, భుజాల మధ్య చర్మం మీద పడేలా పిండాలి. బొచ్చు మీద పోస్తే వృథా. వేయడానికి రెండు రోజుల ముందు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు. ఆదివారం ఉదయం మందు వేసి సాయంత్రం ఆర్కే బీచ్‌లో అలల్లో ఆడించే వాళ్లున్నారు, అలాంటప్పుడు మందుని తిట్టి ఏం లాభం? ఉప్పునీటికి పిడుదులు చస్తాయన్నది ఒట్టి మాట. మందు వేసిన మర్నాడు ఒకటీ అరా పిడుదు కనిపిస్తే నకిలీ మందనుకోవద్దు, పని పూర్తవడానికి రెండు రోజులు పడుతుంది. కరుచుకుని ఉన్నదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి, స్పిరిట్‌లో వేయండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్ల అంటించడం, గోళ్లతో నలపడం మానండి. గేదెల కోసం అమ్మే డెల్టామెత్రిన్ సీసా తెచ్చి అంచనా మీద కలిపి కుక్కకు పూయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

పిల్లి విషయం వేరు. కుక్కల షాంపూలు, పౌడర్లు, కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని విరిచేస్తుంది, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. కొన్ని గంటల్లో చెవులు, ముఖం అదురుతాయి, తర్వాత ఒళ్లంతా వణుకు, మూర్ఛ. అప్పుడే మందు రాసిన కుక్క పక్కన పడుకున్నా, దాన్ని నాకినా ముప్పే. పొరపాటున పడిందంటే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, తువ్వాలుతో తుడిచి, చలి తగలకుండా కప్పి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందు డబ్బా కూడా పట్టుకెళ్లండి. పాలు, నూనె పోయకండి.

జ్వరం వచ్చిందని పారాసిటమాల్ వేయడం దీనికి తోడు. 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. చిగుళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, ముఖం వాస్తుంది. కుక్కలకి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇస్తే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

పిడుదులున్న కుక్క రెండు పూటలు తిండి మానేసి ముడుచుకుంటే, పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా, మూత్రం కాఫీరంగులో వచ్చినా ఇంటివైద్యం మాని రక్తపరీక్షకు తీసుకెళ్లాలి. పిడుదు కాటుతో సోకే ఎర్లీకియా అనే బ్యాక్టీరియా జబ్బయితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా 28 రోజులు వాడాలి. నాలుగు రోజులకే కుక్క లేచి తిరుగుతుంది, అక్కడే బిళ్లలు ఆపేస్తారు, కొన్నాళ్లకు జబ్బు తిరగబెడుతుంది. బిళ్ల తిండితో ఇచ్చి నీళ్లు తాగించాలి, లేకపోతే గొంతులో అంటుకుని పుండు చేస్తుంది. పిడుదుల వల్లే వచ్చే మరో రక్తపు జబ్బు బెబీసియాకి మందు వేరు, కాబట్టి పక్కింటి కుక్క చీటీ మీ కుక్కకు పనికిరాదు.

పెట్ షాపులవారికీ మందుల షాపులవారికీ మా విన్నపం ఒక్కటే. పిడుదుల మందు అడిగినవారిని కుక్క బరువెంత, ఇంట్లో పిల్లి ఉందా అని అడిగి ఇవ్వండి. పిల్లి ఉందంటే పెర్మెత్రిన్ సరుకు పక్కన పెట్టి, వేరేది చూపించండి. గాజువాక నుంచి మధురవాడ దాకా ఈ రెండు ప్రశ్నలు కౌంటర్ల మీద కనబడేలా రాసి అంటించడానికి పైసా ఖర్చు కూడా కాదు.

ఇట్లు,
పశువైద్య రంగంలో పనిచేసే పాఠకులు,
విశాఖపట్నం