బావ జిమ్ గోలీలు

ఒరేయ్ రమణా,

జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకు. ఇంటర్ పేపర్లు దిద్దే పని ఇప్పుడే తెమిలింది. అమ్మ బాగుంది, చిన్నది ఏడవకుండా బడికి వెళ్తోంది, ఇంటి బాడుగ మళ్లీ పెంచారు. ఇక్కడి సంగతులు ఇంతే. అసలు చెప్పాల్సింది మా బావ గురించి. నీకు చెబితే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

షుగర్ వచ్చే అంచున ఉన్నాడని, లివర్‌లో కొవ్వు చేరిందని పోయిన సంక్రాంతికి తేలింది కదా. పొట్ట తగ్గించమన్నారని జిమ్‌లో చేరాడు. మొన్న అక్కవాళ్లింటికి వెళ్తే ఫ్రిజ్ మీద ఒక డబ్బా, దాని నిండా తేనె రంగు గోలీలు. పైన ‘సీఎల్‌ఏ’ అని పెద్ద అక్షరాలు. "కొవ్వు కరిగిస్తుంది బామ్మర్దీ. నెయ్యిలో సహజంగా ఉండేదేనట, ట్రైనర్ ఇప్పించాడు" అన్నాడు. డబ్బా తిప్పి చూస్తే వెనక సన్నటి అక్షరాల్లో ఏముందో తెలుసా? కుసుమ నూనె! నెయ్యి ఊసే లేదు. మీ నాన్న శనగచేను గట్ల వెంట వేసేవాడే, ఆ ముళ్ల కుసుమలే. పెళ్లిచూపుల రోజు నీ ప్యాంటు గతి... సరే, అది ఇక్కడ రాయనులే, వదిన చదువుతుంది.

అప్పట్నుంచి ఇదే చదువుతున్నా. సీఎల్‌ఏ, అంటే కాంజుగేటెడ్ లినోలెయిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం, ఒకే పదార్థం కాదురా, కొన్ని ఐసోమర్లకు (అవే అణువులు, అమరికలోనే తేడా) కలిపి పెట్టిన పేరు. మన ఆర్గానిక్ సార్ సిస్ అంటే ఒకే వైపు, ట్రాన్స్ అంటే ఎదురెదురు అని మనల్ని బెంచీల మీద కూర్చోబెట్టి చూపించాడు చూడు (నీ ఎదురుగా ఎవరు కూర్చుందో నాకింకా గుర్తే!), ఇక్కడ తేడా అంతా అందులోనే ఉంది. ఆవులు, గేదెలు నెమరేసేటప్పుడు వాటి పొట్టలోని బ్యాక్టీరియా వల్ల పాలలోకి వచ్చేది ఎక్కువగా సిస్-9, ట్రాన్స్-11 (అంకెలు ఆ బంధాలు ఎక్కడున్నాయో చెప్పేవి). పచ్చిగడ్డి మేస్తే ఇంకా పెరుగుతుంది. గోలీలో అలా కాదు. కుసుమ నూనెను క్షారంతో మార్చి తీస్తారు కాబట్టి అందులో దాదాపు సగం ట్రాన్స్-10, సిస్-12 ఉంటుంది. నెయ్యిలో అది నామమాత్రం. అలాంటప్పుడు రెండూ ఒకటేనని ఎలా చెబుతారురా?

ఈ కథ మొదలైంది అమెరికాలో, విస్కాన్సిన్ యూనివర్సిటీలో. మైఖేల్ పరీజా అనే ఆయన కాల్చిన గొడ్డు మాంసంలో క్యాన్సర్ కారకాల కోసం వెతుకుతుంటే, క్యాన్సర్‌ను అడ్డుకునే పదార్థం కనపడింది. అది సీఎల్‌ఏ అని 1987లో తేల్చారు. 1997లో ఎలుకలకు మేతలో అర శాతం కలిపి పెడితే ఒంట్లో కొవ్వు సగానికి పైగా తగ్గింది. అది చదివి నాకూ ఆశ పుట్టిందిరా, మా బావకి పనికొస్తుందేమోనని. కానీ ఆ తర్వాతి ప్రయోగాల్లో ఎలుకల లివర్‌లో కొవ్వు పేరుకుంది, ఇన్సులిన్ పెరిగింది. పోనీ మనుషుల్లో? 18 అధ్యయనాలు కలిపి 2007లో లెక్క కడితే, రోజుకు 3.2 గ్రాములు వేసుకున్నవాళ్లలో, ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్ల కంటే వారానికి 90 గ్రాముల కొవ్వు ఎక్కువ తగ్గింది. అదీ ఆరు నెలల దాకానే, తర్వాత మెల్లగా మందగిస్తోంది. అంత సీఎల్‌ఏ నెయ్యి నుంచే రావాలంటే రోజుకు వందల గ్రాములు తినాలి!

నన్ను భయపెట్టింది మాత్రం స్వీడన్‌లో 2002లో చేసిన ప్రయోగం. పొట్ట ఉన్న మగవాళ్లకు, అంటే అచ్చం మా బావలాంటివాళ్లకే, ట్రాన్స్-10, సిస్-12ను విడిగా 12 వారాలు ఇచ్చారు. ఇన్సులిన్ పనితనం సుమారు 19 శాతం పడిపోయింది. రెండు రకాలూ కలిపిన మిశ్రమం ఇచ్చినవాళ్లలో అంత తేడా రాలేదు, నిజమే. కానీ షుగర్ అంచున ఉన్న మనిషికి ఈ పరీక్ష అవసరమా చెప్పు?

ఇదంతా చెబితే బావ, "రెండు కిలోలు తగ్గాను కదా" అన్నాడు. రాత్రి అన్నం మానేసి రొట్టె తింటున్నావు, పొద్దున్నే చెరువు దాకా నడుస్తున్నావు, ఆ పుణ్యం గోలీకి ఎందుకు కట్టబెడతావు బావా అన్నాను. మాట్లాడలేదు. అక్క డబ్బా తీసి బీరువాలో పెట్టేసింది. డాక్టరుకు ఆ డబ్బా చూపించి అడిగేదాకా ముట్టనని చివరికి ఒప్పుకున్నాడు. ఆ ట్రైనర్ మీద మాత్రం నా కోపం ఇంకా తగ్గలేదు. లివర్ సంగతి ఒక్కసారైనా అడిగాడా! కుర్రాడే పాపం, వాడికి ఎవరు చెప్పారో...

అన్నట్టు, మీ తమ్ముడు కూడా జిమ్‌కి పోతున్నాడన్నావు. వాడేం మింగుతున్నాడో ఓసారి డబ్బా తిప్పి చూడు. వాడి పెళ్లి విషయం...

అక్క ఫోన్ చేస్తోంది, బావ రక్తపరీక్ష రిపోర్టు వచ్చిందేమో. మిగతాది రేపు రాస్తా.

నీ శంకర్