నల్ల గ్రహం వేరు, కృష్ణబిలం వేరు

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ సైన్స్ పేజీలో వేరే నక్షత్రం చుట్టూ తిరిగే ట్రెస్-2బి అనే గ్రహం గురించి "నక్షత్రాన్ని మింగుతున్న కృష్ణబిల గ్రహం" అంటూ వార్త వేశారు. సవరణ వేస్తారేమోనని రోజూ వెతుకుతూనే ఉన్నాను. ఇవాళ్టికీ లేదు.

ఆ గ్రహం దేన్నీ మింగడం లేదు. గురుగ్రహం కంటే కాస్త పెద్దదైన వాయుగోళం అది. కృష్ణబిలం నుంచి వెలుగు బయటికి రాలేకపోవడానికి కారణం గురుత్వాకర్షణ. ఈ గ్రహం నల్లగా కనిపించడానికి కారణం దాని వాతావరణం, పడిన వెలుగును పీల్చేసుకుంటుంది. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఈ రెండూ కలిపేసి రాసిన జవాబుకు నేను మార్కులు వేసేవాణ్ణి కాదు.

"ఇటీవల కనుగొన్న" అని కూడా రాశారు. దాన్ని కనుగొన్నది 2006లో, పది సెంటీమీటర్ల వ్యాసమున్న చిన్న టెలిస్కోపులతో. "వెలుగు వేగంతో కాకపోయినా 700 ఏళ్లలో చేరుకోవచ్చు" అన్న వాక్యం చదివి పత్రిక పక్కన పెట్టేశాను. కాంతి సంవత్సరం కాలం కాదండీ, వెలుగు ఏడాదిలో వెళ్లే దూరం! ఒక్కొక్కటి దాదాపు 9.5 లక్షల కోట్ల కిలోమీటర్లు. అలాంటివి 700 దాటాలి అక్కడికి.

అన్నిటికన్నా బాధపెట్టింది ఆ బొమ్మ. చిత్రకారుడు ఊహించి గీసిన నల్లటి గోళం కింద "కెప్లర్ టెలిస్కోప్ తీసిన ఫొటో" అని వేశారు. ఆ గ్రహాన్ని ఇంతవరకూ ఎవరూ ఫొటో తీయలేదు. కెప్లర్‌కు కనిపించింది నక్షత్రం వెలుగు మాత్రమే. గ్రహం రెండున్నర రోజులకోసారి దాని చుట్టూ తిరుగుతుంది. తిరిగేటప్పుడు వెలుతురు పడిన వైపు ఓసారి మనకు కనిపిస్తుంది, చీకటి వైపు ఇంకోసారి. ఆ మేరకు మొత్తం వెలుగులో హెచ్చుతగ్గు రావాలి. 2011లో డేవిడ్ కిప్పింగ్, డేవిడ్ స్పీగెల్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు కెప్లర్ కొలతలు తీసుకుని, పదుల కొద్దీ ప్రదక్షిణలను ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే దొరికిన తేడా పది లక్షల్లో సుమారు ఆరున్నర వంతులు. అంత చిన్న తేడాను పట్టుకోగలిగారు కాబట్టే ఆ గ్రహం బొగ్గుకన్నా నల్లనిదని తెలిసింది. ఆ కాస్త తేడాలోనూ కొంత గ్రహం సొంత వేడి వల్ల వచ్చిందే అయివుంటుంది. అది తీసేస్తే, పడిన వెలుగులో నూటికి ఒక వంతు కూడా తిరిగి రావడం లేదని వాళ్ల అంచనా. మన గురుగ్రహం మూడో వంతుకు పైగా తిప్పి పంపుతుంది. అసలు వార్త ఇది. మీ పేజీలో దీనికి ఒక్క వాక్యం దక్కలేదు.

కారణమూ చెప్పలేదు. గురుగ్రహాన్ని మెరిపించేవి దాని అమ్మోనియా మేఘాలు. ట్రెస్-2బి తన నక్షత్రానికి 50 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 1,000 డిగ్రీల సెల్సియస్ స్థాయి వేడిలో అలాంటి మేఘాలు నిలవవు. ఆవిరైన సోడియం, పొటాషియం, టైటానియం ఆక్సైడ్ వెలుగును పీల్చేస్తుండవచ్చు. అయినా అంత నలుపుకు అవి చాలవని ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు. పైగా అది పూర్తిగా నలుపూ కాదు, నిప్పుకణికలా కొద్దిగా ఎర్రగా వెలుగుతుంది. ఇంత ఆసక్తికరమైన చిక్కుముడి చేతిలో ఉండగా భూతం కథ అల్లడం దేనికి?

ఈ ఒక్క వార్తతోనే నాకు కోపం రాలేదు. క్రికెట్ స్కోరులో ఒక్క పరుగు తప్పు పడితే మర్నాడే సవరిస్తారు. గ్రహణం వస్తే జ్యోతిషానికి అరపేజీ ఇస్తారు, ఖగోళ శాస్త్రానికి ఓ మూల నాలుగు లైన్లు. సైన్స్ వార్త ఎవరైనా రాసేయవచ్చు, ఎవరూ సరిచూడక్కర్లేదు అన్నట్టుంది వ్యవహారం. పిల్లలు ఈ పేజీలు కత్తిరించి నోటుపుస్తకాల్లో అంటించుకుంటారు. ఆ బొమ్మనూ, దాని కింది మాటనూ ఈపాటికి ఎందరు అంటించుకున్నారో!

సవరణ వేయండి, వార్త వేసిన పేజీలోనే. స్థలం చాలక ఈ ఉత్తరాన్ని కుదించాల్సి వస్తే నా ఫిర్యాదులన్నీ తీసేయండి. పది లక్షల్లో ఆరున్నర వంతుల సంగతి మాత్రం ఉంచండి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు