పదిసార్లు రాయిస్తే గుర్తుంటుందా?

సంపాదకులకు,

చిన్న తరగతుల పిల్లలు చదివింది చదివినట్టే మరచిపోతున్నారని, దానికి వారి అశ్రద్ధే కారణమని పోయిన వారం మీరు వేసిన వార్త చదివి మనసు చివుక్కుమంది. ఎవరైనా ఉపాధ్యాయులు జవాబు రాస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. ఎవరూ రాయలేదు. ఏళ్ల తరబడి మూడో తరగతికి పాఠాలు చెప్పినదాన్ని కనుక నేనే రాస్తున్నాను.

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల కూర్పులను కంఠస్థం చేసి, తన మరపును తానే కొలిచి 1885లో ఆ లెక్కలు ప్రచురించారు. గంట తిరిగేసరికి సగానికి పైగా జారిపోయింది. అంత పట్టుదల గల పండితుడి సంగతే అది. సోమవారం విన్న భాగహారాన్ని శుక్రవారానికి మరచిందని ఎనిమిదేళ్ల పిల్లను బెంచీ ఎక్కిస్తామా?

తప్పిన జవాబును పదిసార్లు రాయించడమే ఇప్పటికీ మనకు తెలిసిన మందు. మొదటి పదాన్ని పేజీ పొడవునా వరుసగా దించి, తర్వాత రెండో పదం, ఆ తర్వాత మూడోది రాసే పిల్లలను కళ్లారా చూశాను. వాక్యం చెయ్యి దాటి లోపలికి పోదు.

రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో కళాశాల విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత వారికి గుర్తున్నది 42 శాతం. చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారికి 56 శాతం. నా తరగతిలోనూ అంతే. హాజరు వేయగానే ఐదు నిమిషాలు, పుస్తకం మూసి నిన్నటి పాఠం పలక మీద రాయమనేదాన్ని. మార్కులు లేవు. తప్పు అక్కడికక్కడే దిద్దేదాన్ని. మూడు రోజులకు, వారానికి, నెలకు మళ్లీ అదే అడిగేదాన్ని. మూడో విడతకు వెనక బెంచీ పిల్లలూ చేతులెత్తేవారు.

ఆ ఐదు నిమిషాలే దొరకనివ్వరు! తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగారే గాని, ఎంతమందికి వచ్చిందని ఒక్కరూ అడగలేదు. నోటు పుస్తకాల్లో దస్తూరి చూస్తారు, రిజిస్టర్లు తిరగేస్తారు, కొత్త ఫారాలు చేతిలో పెట్టి వెళతారు. ఇంటిపని నిద్రను తింటోంది. నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది ఆ నిద్రలోనే అని వారికి ఎవరు చెప్పాలి?

అధికారులను ఒకటే కోరుతున్నాను. టైంటేబుల్లో ఆ ఐదు నిమిషాలకు ఒక గడి కేటాయించండి. దానికి మాత్రం రిజిస్టరు పెట్టకండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు