మంత్రిగారూ, విలువల పేపర్‌కు పరీక్ష తీసేయండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. మానవ విలువలు, భారతీయ సంస్కృతి లాంటి పేపర్లు కూడా తరచూ నా నెత్తినే పడుతుంటాయి. వీటికంటూ ప్రత్యేకంగా అధ్యాపకులు ఉండరు కదా, వర్క్‌లోడ్ ఎవరికి తక్కువ పడితే వాళ్లకు అంటగడతారు.

ఈ పేపర్ ఎలా నడుస్తుందో మీ దాకా వచ్చే నివేదికల్లో కనిపించదు. పరీక్షల ముందు జిరాక్స్ షాపులో ‘ఇంపార్టెంట్స్’ దొరుకుతాయి. నిజాయితీ అంటే ఏమిటో ఉదాహరణలతో వివరించమని ప్రశ్న వస్తుంది. పిల్లలు బట్టీ కొట్టి రాసేస్తారు. అదే ప్రశ్నకు స్లిప్పు పెట్టి దొరికిపోయిన కుర్రాణ్ణి కూడా చూశాను. వాడి మీద కోపం కన్నా మా మీద మాకే సిగ్గేసింది.

యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లయితే, అందులో 6 నుంచి 8 వరకు ఈ విలువల పేపర్ల లాంటి వాల్యూ యాడెడ్ కోర్సులకే. కాబట్టి చోటు లేదని ఎవరూ అనలేరు. ఉన్న చోటులో ఏం పెడుతున్నాం అన్నదే నా గొడవ.

బాపట్ల జిల్లా మోటుపల్లినే తీసుకోండి. అక్కడ 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకునంతా పూర్వపు రాజులు లాగేసుకునేవారట. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని ఈయన రాతి మీద రాయించాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా అక్కడే చెక్కించాడు. అధికారం తన చేతులు తానే కట్టేసుకోవడం, ఆ మాట నలుగురికీ కనబడేలా పెట్టడం... పౌర విలువల పాఠానికి ఇంతకంటే ఏం కావాలి? మన పుస్తకాల్లో ఇది ‘గణపతిదేవుని వాణిజ్య విధానం’ కింద ఒక్క లైను. రెండు మార్కులు.

పరీక్షకు బదులు పిల్లల చేత ఇలాంటి శాసనాల నకలు తీయించాలి. అదేం బ్రహ్మవిద్య కాదు. రాతిని నీళ్లతో కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో నెమ్మదిగా కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. ఒక్కసారి ఈ పని చేసిన విద్యార్థి గుడి స్తంభానికి ఆయిల్ పెయింట్ వేస్తుంటే, ఇసుకతో రాళ్లు గీకేస్తుంటే చూస్తూ ఊరుకోడు. అలా పోయిన శాసనాలు మనకు తక్కువేం కాదు.

రాజ్యాంగం 51ఎ అధికరణం కాపాడమన్నది కూడా మన ‘మిశ్రమ సంస్కృతి’ వారసత్వాన్నే. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు అన్ని మతాల వాళ్లూ వచ్చి రొట్టెలు మార్చుకుంటారు. ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వస్తారు. వీటితో పాటు రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం కూడా వారసత్వమే. ఆయన్ని అడ్డుకున్నదీ సంస్కృతి పేరు చెప్పేనని పిల్లలకు దాచకుండా చెప్పాలి. ఉత్త పొగడ్తల పాఠమైతే వాళ్లు వినరు, వినాల్సిన పనీ లేదు.

ఇక పౌర విలువలు. విద్యార్థి ఒక గ్రామసభకో వార్డు సమావేశానికో వెళ్లి కూర్చోవాలి. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్రంలో పంచాయతీ స్థాయిలో దానికి ఫీజే లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలని 2005 చట్టం చెబుతోంది. జవాబు రాకపోతే అప్పీలు ఎలా చేయాలో అదే తర్వాతి పాఠం.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరుతో ఇలాంటిది ఇప్పటికే ఉంది కదా అని మీ అధికారులు అనొచ్చు. ఉంది. రికార్డులు నెట్ సెంటర్లో రెడీమేడ్‌గా కూడా దొరుకుతున్నాయి. అందుకే నేను అడిగేది కొనలేని పని. తన పేరు మీద వచ్చిన ఆర్టీఐ జవాబు, తన చేత్తో తీసిన శాసనం నకలు ఎవరూ అమ్మలేరు. ఆ రెండూ ముందు పెట్టుకుని పావుగంట వైవా (మౌఖిక పరీక్ష) చేస్తే విద్యార్థి పని చేశాడో లేదో ఇట్టే తెలిసిపోతుంది.

మీ వైపు నుంచి కావలసింది పెద్దగా ఏమీ లేదు. ఈ పేపర్లకు రాత పరీక్ష రద్దు చేస్తూ ఒక ఉత్తర్వు, రక్షిత కట్టడాల దగ్గర విద్యార్థులకు అనుమతి ఇచ్చి, పని నేర్పించమని పురావస్తు శాఖకు ఒక లేఖ, బస్సు ఖర్చులకు కాలేజీకి కాస్త డబ్బు. రాష్ట్రమంతా ఒకేసారి అంటే కష్టమనుకుంటే ముందు ఒక్క జిల్లాలో పెట్టి చూడండి. బాపట్ల అయినా సరే, మోటుపల్లి అక్కడే ఉంది.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ చరిత్ర అధ్యాపకుడు