మెట్‌పల్లి అన్నకు మా అక్క తరఫున, నా తరఫున దండాలు

రెండు నెలల కింద రాయాల్సింది, ఏజెంటు దగ్గర ఇరుక్కున్న బావ పాస్‌పోర్టు చేతికొచ్చాకే రాద్దామని ఆగాను. వచ్చింది. మెట్‌పల్లిలో ఒక జిరాక్స్ షాపు ముందు ఆదివారాలు కుర్చీ వేసుకుని కూర్చునే ఒక అన్నకు చెప్పుకుంటున్న కృతజ్ఞత ఇది. పేరు రాస్తే మళ్లీ తన మొహం చూడొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు, ఆ చుట్టుపక్కల వాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది.

మాది కోరుట్ల దగ్గర పల్లె. బావ ఎనిమిదితో చదువు ఆపేసి సెంట్రింగ్ పనికి పోతున్నాడు. రెండు బోర్లు ఫెయిలయ్యాయి, అప్పు మీద మిత్తి పెరిగింది, దుబాయ్ పోతానన్నాడు. మా వైపు ఇదేం వింత కాదు, వాడకు ముగ్గురు నలుగురు అక్కడే ఉంటారు. పక్క మండలంలో ఒక సబ్ ఏజెంటు 1,20,000కు మాట్లాడి, 40 వేలు అడ్వాన్సు తీసుకుని, పాస్‌పోర్టు కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు. "విజిట్ మీద దిగితే సాలు, ఆడ కంపెనీ వీసాకు మారుస్తరు, ఎయిర్‌పోర్టుల అడిగితే సుట్టాల ఇంటికి పోతున్న అని చెప్పు" అన్నాడు. అంతే, ఆయనకు తెలిసిన చట్టం మొత్తం అదే.

నేను డిగ్రీ చదివినవాణ్ణే. ఫోన్లో రూల్సు తెరిస్తే ఒక్కో వాక్యం అర్థమైనట్టే ఉంది, కానీ మా బావ పోవచ్చా పోకూడదా అన్నది మాత్రం ఎంతకీ తేలలేదు. అక్క టెన్షన్‌తో అన్నం మానేసింది. అప్పుడు ఎవరో ఈ అన్న దగ్గరికి పొమ్మన్నారు. షార్జాలో 19 ఏళ్లు ఒక కంపెనీ పీఆర్వో, అంటే సర్కారు ఆఫీసుల పనులు చూసే ఉద్యోగి దగ్గర వీసా కాగితాలు మోసి, చూసి చూసి నేర్చుకున్న మనిషి.

అన్న ముందు నాతో కాదు, అక్కతో మాట్లాడాడు. పాస్‌పోర్టు జిరాక్స్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అన్న చోట వేలు పెట్టి, "చెల్లె, దీన్ని చూసి చిన్నతనం అనుకోకు. పది పాస్ కానోడు గల్ఫ్‌ల పనికి పోవాలంటే పోయేముందు సర్కారోళ్లు కాగితాలు చూడాలె. అందుకే ఈ ముద్ర" అన్నాడు. అప్పటిదాకా మా ఇంట్లో అందరం దాన్ని అడ్డంకి అనే అనుకున్నాం, ఎలా తప్పించుకోవాలా అనే చూశాం! 1983లో వచ్చిన ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు క్లియరెన్సు తీసుకోవాలట, గల్ఫ్ దేశాలన్నీ ఆ జాబితాలోనే ఉన్నాయి. ఆ క్లియరెన్సు వస్తే జీతం, పని రాసిన కాంట్రాక్టు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో రికార్డవుతుంది, 275 రూపాయల ప్రీమియం కడితే రెండేళ్లకు 10 లక్షల బీమా వస్తుంది. విజిట్ వీసా మీద పోయినవాడికి ఇవేమీ ఉండవు, ఎందుకంటే మన సర్కారు లెక్కలో వాడు పనికే పోలేదు, చుట్టాల ఇంటికి పోయాడు. అక్కడ వాళ్ల చట్టంలో విజిట్ మీద పని చేయడమే నేరం. గడువు దాటితే కల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి, రోజు రోజుకూ ఫైను. ఎయిర్‌పోర్టులో చెప్పమన్న ఆ ఒక్క అబద్ధం ఎంత దూరం పోతుందో అక్కకు అక్కడే అర్థమైంది.

ఇంకోటి చెప్పాడు, అది నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటోంది. దుబాయ్, షార్జా ఉన్న ఎమిరేట్స్ దేశంలో 2016 నుంచి ఆఫర్ లెటర్ కార్మికుడికి తెలిసిన భాషలో కూడా ఇవ్వాలని రూలు పెట్టారు. అప్పుడు ఇచ్చిన 11 భాషల్లో హిందీ ఉంది, తమిళం ఉంది, మలయాళం ఉంది, సింహళం కూడా ఉంది. తెలుగు లేదు. ఇన్ని వేల మందిని పంపిన జిల్లాలు మనవి!

తర్వాత ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో మూడు ప్రశ్నలు తెలుగులో రాసిచ్చి, ఏజెంటును అక్కనే అడగమన్నాడు. నన్ను నోరు మూసుకుని పక్కన నిలబడమన్నాడు. నీ లైసెన్సు నంబరు ఏది? లైసెన్సున్న ఏజెంటే 30 వేలు, దాని మీద జీఎస్టీ దాటి తీసుకోవద్దని ఉంటే నీకు లక్షా 20 వేలు ఎందుకు? పాస్‌పోర్టు నీ దగ్గర ఎందుకుంది? పాస్‌పోర్టు ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వం ఆస్తేనని 1967 పాస్‌పోర్టు చట్టంలోనే ఉందట, నాకూ అప్పటిదాకా తెలియదు. మా అక్క ఐదో తరగతి. "ఇది నీది గాదు, నాది గాదు, సర్కారుది, తియ్" అని ఆమె అంటుంటే ఆ మనిషి నా వైపు చూశాడు, నేను గోడ వైపు చూశాను.

చివరికి పాస్‌పోర్టు ఇంటికొచ్చింది. డబ్బు మాత్రం 25 వేలే వచ్చింది, మిగతా 15 వేలకు తిప్పుతున్నాడు. కంప్లైంటు రాసి పెట్టుకున్నాం. లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపితే ఎమిగ్రేషన్ చట్టంలో రెండేళ్ల దాకా జైలుందని, జరిమానా మాత్రం 2 వేలు దాటదని అన్న చెబితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు, 1983 నాటి రేటు మరి. బావ ఇప్పుడు విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు రాయించుకున్నాడు. ఓపెన్ స్కూల్లో పది కూడా కడతానంటున్నాడు, చూడాలి.

అన్నా, నువ్వు పైసా తీసుకోలేదు, అక్క తెచ్చిన సకినాలు కూడా జిరాక్స్ పిల్లగాడికే ఇచ్చేశావు. నీ చేతిరాత కాగితం మా ఇంట్లో దేవుడి పటం వెనక ఉంది, ఇప్పటికే వాడలో నలుగురు ఫోటో తీసుకుపోయారు.

ఎవరికైనా అవసరమైతే ఆదివారం పదింటి తర్వాత పోండి. పోయేవాణ్ణి ఒక్కణ్ణే పంపకుండా ఇంటి ఆడమనిషిని కూడా తీసుకెళ్లండి, లేకపోతే వెనక్కి పంపిస్తాడు. చాయ్ అడగకండి, షుగర్ ఉంది.