వెన్ను వ్యాయామ బెంచీ: పెట్టె మీద ఉండవలసిన కొలతలు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే వ్యాయామం చేసుకోవడానికి పనికివచ్చే పరికరాల గురించి మీ పత్రిక బెంగళూరు సంచికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని మా ఇంటిల్లిపాదీ శ్రద్ధగా చదివాము. అందులో సైకిళ్ళకూ ట్రెడ్‌మిల్లులకూ తగినంత చోటిచ్చి, పాదాలను పలక మీద ఉంచి, తొడలను మెత్తకు ఆనించి, ముందుకు వంగి లేస్తూ నడుము కండరాల కోసం వాడే బ్యాక్ ఎక్స్‌టెన్షన్ బెంచీని మాత్రం 'మడిచి మంచం కిందికి తోసేయవచ్చు, చిన్న ఫ్లాట్లకు అనువైనది' అన్న ఒక్క వాక్యంతో ముగించారు. సరిగ్గా ఆ మాటనే నమ్మి మేము గత సంవత్సరం ఒక బెంచీ కొని ఇబ్బంది పడ్డాము కాబట్టి, ఆ వాక్యంలో చేరని కొన్ని సంగతులను తోటి పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా ఫ్లాటు మారతహళ్ళిలో ఉంది. నేను ముప్పై ఏళ్ళుగా లెక్కల పుస్తకాల ముందు, తరువాత కంప్యూటరు ముందు కూర్చుని పని చేసినవాణ్ణి. మా అబ్బాయి ఆఫీసులో కూర్చునే గంటలకు తోడు రింగు రోడ్డు మీద కారులో కూర్చునే గంటలు కూడా ఉన్నాయి. ఇద్దరికీ నడుము పట్టేయడం మామూలైపోవడంతో, నొప్పి తగ్గాక కండరాలకు బలం రావాలంటే ఈ బెంచీ మీద నెమ్మదిగా సాధన చేయవచ్చని మాకు చికిత్స చేసిన ఫిజియోథెరపిస్టు చెప్పారు. అబ్బాయి ఆన్‌లైనులో చూసి, మడిస్తే రెండడుగుల చోటే పడుతుందని రాసి ఉన్న బెంచీని తెప్పించాడు. బిగించి హాలులో నిలబెట్టిన తరువాత గాని మాకు తెలియలేదు, ఆ రెండడుగులూ బెంచీ నిద్రపోయే చోటే తప్ప మనిషి వ్యాయామం చేసే చోటు కాదని. నేను ఎక్కి ముందుకు వంగి, తిరిగి పైకి లేస్తుంటే మధ్యలో నా తల టీవీ బల్ల అంచుకు తగిలింది.

అసలు ఎంత చోటు కావాలో ఇంట్లో టేపుతోనే తేల్చుకోవచ్చు. ఇళ్ళలో వాడే చిన్న బెంచీలలో ఎక్కువ భాగం కాళ్ళను నేలకు 45 డిగ్రీల వాలులో నిలబెట్టేవి. అరికాలి నుండి తుంటి మడత వరకు, అంటే తొడ, పొట్ట కలిసే చోట పడే గీత వరకు, నా కొలత 34 అంగుళాలు. 45 డిగ్రీల వాలులో ఉన్న కాలు నేల మీద ఆక్రమించే పొడవు దానిలో సుమారు ఏడు పదోవంతులు, అంటే 24 అంగుళాలు. నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు కాబట్టి తుంటి మడత నుండి నడినెత్తి వరకు మరో 34 అంగుళాలు ఉంటుంది. పైకి లేచే క్రమంలో ఒక దశలో నడుము పైభాగం నేలకు సమాంతరంగా వస్తుంది గనుక ఆ 34 అంగుళాలూ పూర్తిగా ముందుకు చాస్తాయి. రెండూ కలిపితే 58 అంగుళాలు, దాదాపు ఐదడుగులు. వెనుక ఎక్కి దిగడానికి ఒక అడుగు చేర్చుకుంటే ఆరడుగుల ఖాళీ లేనిదే ఈ వ్యాయామం నిర్భయంగా చేయలేము. పెట్టె మీద 'కాంపాక్ట్' అన్న అక్షరాలు ఎంత పెద్దవిగా ఉన్నా ఈ ఆరడుగులు తగ్గవు, ఎందుకంటే ఇది బెంచీ పొడవు కాదు, మనిషి పొడవు.

అంతకంటే ముఖ్యమైన పొరపాటు మా ఆవిడ ఎక్కినప్పుడు బయటపడింది. ఈ బెంచీలో ప్రాణమంతా తొడల కింద ఆనే మెత్తలో ఉంటుంది. ఆ మెత్త పై అంచు తుంటి మడతకు కొంచెం దిగువన ఉంటేనే మనిషి తుంటి కీలు దగ్గర వంగుతాడు. వెన్ను నిటారుగా ఉండి, పిరుదుల కండరాలూ తొడ వెనుక కండరాలూ వెన్నెముకకు ఇరుపక్కలా నిలువునా సాగే కండరాలతో కలిసి పని చేస్తాయి. మెత్త పైకి జరిగి పొట్టకు ఆనితే తుంటి కీలు కదలడానికి వీలుండదు, వంగడమంతా నడుము పూసల దగ్గర జరుగుతుంది, ఊపిరి కూడా బిగబడుతుంది. మెత్త మరీ కిందికి, తొడల మధ్యకు దిగిపోతే ముందుకు జారిపోతామన్న భయం కలుగుతుంది. మా ఆవిడ ఎత్తు 5 అడుగులు, ఆమెకు అరికాలి నుండి తుంటి మడత వరకు 30 అంగుళాలు. మేము కొన్న బెంచీలో మెత్తను ఎంత కిందికి దించినా దాని పై అంచు పాదాల పలక నుండి 33 అంగుళాల దగ్గరే ఆగిపోయింది. ఆ మూడంగుళాల తేడా వల్ల మెత్త ఆమె పొట్టలో గుచ్చుకుంది. రెండు రోజులు ఓర్చుకుని చేసి, మూడో రోజు నడుము నొప్పి ఎక్కువైందని ఆమె మానేసింది. అమ్మినవారిని అడిగితే 'అందరికీ సరిపోయే సైజు సార్' అన్నారు. వాపసు గడువు అప్పటికే దాటిపోయింది. నడుము బాగుపడాలని కొన్న వస్తువు మీదనే ఆమె నడుము పట్టేయడం చూసి నాకు చాలా బాధ కలిగింది.

ఆ తరువాత మేము చేసిన పని మొదటే చేసి ఉండవలసింది. ఇంట్లో వ్యాయామం చేయబోయే ముగ్గురమూ చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, తుంటి మడత ఎత్తును గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాము. మా ఆవిడది 30, నాది 34, అబ్బాయిది 36 అంగుళాలు. ఆ మూడు అంకెలు కాగితం మీద రాసుకుని, టేపు జేబులో వేసుకుని, ఈసారి ఆన్‌లైనులో కాకుండా నేరుగా దుకాణానికే వెళ్ళాము. పాదాల పలక నుండి మెత్త పై అంచు వరకు కనిష్ఠంగా ఎంత, గరిష్ఠంగా ఎంత అని అడిగితే మొదటి దుకాణంలో ఎవరూ చెప్పలేకపోయారు. రెండో చోట యజమాని స్వయంగా టేపు పట్టి కొలిచి చూపించారు. 28 నుండి 37 అంగుళాల వరకు జరిగే బెంచీ అక్కడ దొరికింది. మా ఊళ్ళో నా చిన్నతనంలో తాలింఖానా ఉండేది. అక్కడి ఉస్తాదు కొత్తగా వచ్చిన కుర్రవాణ్ణి నఖశిఖపర్యంతం పరిశీలించకుండా ఏ కసరత్తూ చెప్పేవాడు కాదు, గదను కూడా వాడి భుజాన్ని బట్టే చేతికిచ్చేవాడు. ఆ చూపు ఇప్పుడు కొనుగోలుదారులమైన మనకే ఉండాలి, ఎందుకంటే ఇంట్లో మన పక్కన నిలబడి చూసే ఉస్తాదు లేడు.

ఇక నిలకడ విషయం. ముందుకు వంగినప్పుడు నడుము పైభాగం, అంటే శరీరం బరువులో సగానికి పైగా, మెత్తకు ముందు వైపు వేలాడుతుంది. కాబట్టి బెంచీ ముందు కాలు మెత్త కంటే బాగా ముందుకు చాచి ఉండాలి, అడ్డంగా ఉండే గొట్టం వెడల్పుగా ఉండాలి. మడిచినప్పుడు చిన్నదిగా కనిపించాలన్న తాపత్రయంతో కొందరు తయారీదారులు కోత పెట్టేది సరిగ్గా ఈ ముందు కాలికే. దుకాణంలో ఎక్కి చూసేటప్పుడు చేతులు రెండూ తల వైపుకు చాచి నెమ్మదిగా వంగి చూస్తే, వెనుక కాలు నేల నుండి లేస్తున్నదో లేదో పక్కనున్నవారికి ఇట్టే తెలిసిపోతుంది. ఏ మాత్రం లేచినా ఆ బెంచీ ఎంత చవకైనా వద్దు. మన ఫ్లాట్లలోని విట్రిఫైడ్ టైల్సు నున్నగా ఉంటాయి కాబట్టి కింద రబ్బరు చాప వేయడం తప్పనిసరి. కింది అంతస్తువారికి చప్పుడు వెళ్ళకుండా కూడా అది కాపాడుతుంది.

బరువు సామర్థ్యం గురించి పెట్టెల మీద 150 కిలోలు, 200 కిలోలు అని రాస్తారు. అది కదలకుండా కూర్చున్న మనిషి బరువో, పైకీ కిందికీ ఊగే మనిషి బరువో రాయరు. కదిలే శరీరం ఇనుము మీద మోపే భారం తూకపు యంత్రం మీద కనిపించే బరువు కంటే ఎక్కువ. ఇంట్లో అందరికంటే బరువైనవారి బరువుకు కనీసం రెట్టింపు రాసి ఉన్నదానినే కొనాలన్నది నేను పెట్టుకున్న నియమం. వ్యాయామ పరికరాల భద్రతకు ఐఎస్ఓ 20957 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో ఇంటి వాడకానికి ఉద్దేశించిన పరికరాలను 'హెచ్' తరగతిగా, జిమ్ముల వంటి చోట్ల వాడేవాటిని 'ఎస్' తరగతిగా విభజించారు. ఈ వివరం కాగితం మీద ఉంటే కొంత భరోసా. లేనప్పుడు గొట్టాల మందం, అతుకుల నునుపు, మెత్తను జరిపే పిన్ను రంధ్రంలో వదులు లేకుండా కూర్చోవడం, మరలకు ఊడిపోని నైలాక్ నట్లు ఉండటం మన కళ్ళతోనే చూసుకోవాలి. మడతపడే చోట అదనంగా తాళపు పిన్ను లేని బెంచీని నేనైతే పిల్లలున్న ఇంట్లోకి రానివ్వను.

మడమల దగ్గర ఉండే రోలర్లు సన్నగా ఉంటే పిక్కల కింద నొక్కుకుని, నడుము కంటే ముందు కాళ్ళే అలసిపోతాయి. లావు రోలర్లూ, అరికాలు మొత్తం ఆనే పలకా ఉన్నవే మేలు. మెత్త మధ్యలో ఖాళీ వదిలి రెండు ముక్కలుగా చేసినవి పొత్తికడుపు మీద ఒత్తిడి లేకుండా ఉంటాయి. రెక్సిన్ రంగు, ఫోను పెట్టుకునే గూడు వంటివాటికి అదనంగా డబ్బు ఇవ్వనవసరం లేదు.

45 డిగ్రీలదా, కాళ్ళు నేలకు సమాంతరంగా ఉండేదా అన్న ప్రశ్న కూడా తరచుగా వస్తుంది. సమాంతర బెంచీ మీద శరీరం పూర్తిగా పైకి లేచినప్పుడే నడుముపై భారం అత్యధికం. అక్కడ అలసినవారు ఒక్క ఊపున తలను వెనక్కి విసిరి వెన్నును విల్లులా వంచేస్తారు. 45 డిగ్రీల బెంచీ మీద భారం మధ్యలో ఎక్కువై, పైకి చేరేసరికి సుమారు ఏడు పదోవంతులకు తగ్గుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికీ, నలభై దాటినవారికీ ఇదే మంచిదని నా అభిప్రాయం. పైగా సమాంతర బెంచీకైతే నావంటివాడికి కాళ్ళూ ఒళ్ళూ బారుగా చాచినంత, అంటే 68 అంగుళాలకు తక్కువ కాని చోటు కావాలి.

ఈ బెంచీ మీద చేతుల్లో బరువుల ఇనుప బిళ్ళలు పట్టుకుని ఊగడమే బలమని యువకులు అనుకుంటున్నారు. డెన్మార్కుకు చెందిన బీరింగ్ సోరెన్సెన్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో, కాళ్ళు కట్టి ఉంచి నడుము పైభాగాన్ని బల్ల అంచుకు ఆవల గాలిలో సమాంతరంగా ఎంతసేపు నిలపగలరో, గరిష్ఠంగా 240 సెకన్ల వరకు, కొలిచారు. ఆ నిలుపుదల శక్తి బాగా ఉన్న పురుషులలో తరువాతి ఏడాదిలో మొదటిసారి నడుము నొప్పి రావడం తక్కువగా కనిపించింది. ఆ పరీక్షలో బరువులు ఎత్తించలేదు, ఓపికను చూశారు. ఇంటి బెంచీకి బరువుల కొక్కేలు అవసరమా అని అడిగేవారికి నేను ఈ సంగతే చెబుతాను. అయితే తల కిందికి వంగే వ్యాయామం కాబట్టి రక్తపోటు అదుపులో లేనివారు, గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవారు, కాలిలోకి పాకే నొప్పో తిమ్మిరో ఉన్నవారు వైద్యులను అడగకుండా బెంచీ కొనకూడదు. భోజనం చేసిన వెంటనే ఎక్కకూడదు.

చివరగా అమ్మేవారికీ అధికారులకూ ఒక విన్నపం. వస్తువు పరిమాణం కొనేవారికి ముఖ్యమైనప్పుడు ఆ కొలతలను పొట్లం మీద ముద్రించాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజీ వస్తువుల నియమాలు చెబుతున్నాయి. ఈ బెంచీ విషయంలో మడిచిన కొలత ఒక్కటీ రాస్తే ఆ నియమం ఉద్దేశం నెరవేరినట్లు నేను భావించను. తెరిచిన పొడవు, ముందు కాలి వెడల్పు, పాదాల పలక నుండి మెత్త పై అంచు వరకు కనిష్ఠ గరిష్ఠ ఎత్తులు అనే మూడు అంకెలు చేర్చితే చాలు. కర్ణాటకలో అమ్మే పెట్టె మీద అవి కన్నడంలోనూ, మన రాష్ట్రాలలో తెలుగులోనూ ఉంటే ఇంట్లో పెద్దవారు కూడా చదువుకోగలరు. తప్పుడు కొలతలతో నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.

మీ ఆదివారం పేజీలో ఈసారి ఇటువంటి పరికరం గురించి రాసినప్పుడు, తుంటి మడత ఎక్కడ ఉంటుందో, మెత్త అంచు ఎక్కడ ఆగాలో చూపే చిన్న బొమ్మ ఒకటి వేయించవలసిందిగా కోరుతున్నాను. మా గోడ మీది మూడు పెన్సిలు గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. మీ చిత్రకారులకు ఉపయోగపడితే ఫొటో తీసి పంపగలను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు,
మారతహళ్ళి, బెంగళూరు